ఒకే మిషను, మూడు రేట్లు

వంటగది బల్ల. ఉదయం ఎనిమిదింపావు. భార్య చేతిలో ఫోను, అవతలి మాట పైకి వినబడుతోంది. భర్త ఎదురుగా, ఎడమ కాలు స్టూలు మీద.

"తొమ్మిది వందలా? నిన్న మీ బోర్డు మీద ఏడు వందల యాభై అని చదివాను."

"ఆ అంకె పక్కన చిన్న నక్షత్రం ఉంటుందమ్మా. కింద రాసుంటుంది, చూడలేదా?"

"చూశాను. షరతులు వర్తిస్తాయి అని రాశారు. ఏ షరతులో రాయలేదు. దాన్ని సమాచారం అనరు, బెదిరింపు అంటారు."

"అమ్మా, మీకు మూడు నెలల షుగరు పరీక్ష ఒక్కటే కావాలా? ప్యాకేజీ తీసుకోండి. పద్దెనిమిది పరీక్షలు, రెండు వేల రెండు వందలే."

"నాకు పద్దెనిమిది రోగాలు లేవు."

"ఇన్సూరెన్సు ఉందా అమ్మా?"

"ఉంటే ఎంత?"

"ఉంటే మీరేం కట్టక్కర్లేదు. మేం కంపెనీకి బిల్లు వేసుకుంటాం. రెండు వేల నాలుగు వందలు."

"పద్దెనిమిది పరీక్షలకా?"

"కాదమ్మా. ఈ ఒక్కదానికే."

"అంటే ఇన్సూరెన్సు లేనివాళ్ళకి తొమ్మిది వందలు, ఉన్నవాళ్ళ పేరు చెప్పి రెండు వేల నాలుగు వందలు. తీసే రక్తం మాత్రం అదే చెంచాడు."

"రేట్లు నేను పెట్టనమ్మా. నేను ఫోను ఎత్తుతానంతే."

"అది నాకు అర్థమైంది. మీ మీద కోపం లేదు. ఉంటాను."

"పాపం, ఆ పిల్లనెందుకు అలా కడిగేశావు?"

"పిల్లని అనలేదండీ, బోర్డుని అన్నాను. రాసుకోండి. మెయిన్ రోడ్డు అద్దాల ల్యాబు, తొమ్మిది వందలు."

"నేనే రాయాలా?"

"నాకు గీతలు అలుక్కుపోతున్నాయి. ఈ ఏడాది రెండుసార్లు కళ్ళజోడు మార్చాను. ఆ అద్దాలవాడికి పని రాదు."

"రాశాను. తొమ్మిది... ఛ. పెన్ను జారుతోంది."

"వేళ్ళు ఇంకా అలా మొద్దుబారే ఉన్నాయా?"

"ఉన్నాయి. అంటే చేతికి ఉన్నాయి. నిన్న ఒకావిడ బీరువా తాళం తెచ్చింది. లోపల ఎక్కడ పట్టేస్తోందో తెలిస్తే కదా? ముప్ఫై ఏళ్ళు కళ్ళు మూసుకుని వేళ్ళతోనే చూశాను. నిన్న టార్చి వేసి తొంగి చూశాను, పని నేర్చుకోడానికి వచ్చినవాడిలా."

"కాలు?"

"ఇప్పుడు కాలెందుకు?"

"మడమ మీద పుండు మానిందా?"

"మానుతోంది."

"పోయిన నెల కూడా మానుతోందనే అన్నారు."

"పోయిన నెలా మానుతోంది, ఈ నెలా మానుతోంది. పట్టుదల గల పుండు. కామాగారూ, ప్రెస్సు మూసేసి ఆర్నెల్లయింది. ఇంకా నా మాటలు దిద్దుతావేం?"

"ప్రెస్సు మూయలేదు. మా ప్రూఫుల విభాగం మూశారు. మనుషులు చదవక్కర్లేదట, యంత్రం చదువుతుందట. తప్పులు మునుపటిలాగే అచ్చవుతున్నాయి. పట్టుకునేవాళ్ళకి ఉన్న ఇన్సూరెన్సు మాత్రం పోయింది. రెండో నంబరు చెప్పండి."

"బస్టాపు దగ్గరిదేనా? ఇదిగో, చివర నాలుగు ఏడు."

"హలో. చెప్పండి."

"మూడు నెలల షుగరు పరీక్షకి ఎంత తీసుకుంటారు?"

"ఐదు వందల యాభై."

"అంతేనా?"

"అంతే మేడమ్. ఇంటికొచ్చి తీయాలంటే ఇంకో నూట యాభై."

"మేమే వస్తాం."

"అయితే ఐదు వందల యాభై. రిపోర్టు కాగితం మీద కావాలంటే యాభై."

"కాగితం మీద కాకపోతే ఎక్కడ ఇస్తారు?"

"ఫోనుకి పంపిస్తాం. ఇప్పుడందరూ అదే."

"నాకు కాగితం కావాలి. సంతకం, ముద్ర ఉండాలి. రేపు సాయంత్రం ఐదింటికి ఒక ఆఫీసులో ఇవ్వాలి."

"సంతకం పెట్టే డాక్టరుగారు శనివారం వస్తారే! అర్జెంటంటే ఇంటికి పంపించి పెట్టించాలి. దానికి రెండొందలు."

"అంటే మీ రేటు ఐదు వందల యాభై కాదు. ఎనిమిది వందలు."

"మీరు లెక్కలు భలే వేస్తారు మేడమ్."

"మీరు సరిగ్గా చెప్పరు. అందుకని."

"పెట్టేశాడా?"

"నేనే పెట్టేశాను. రాసుకోండి, ఎనిమిది వందలు."

"అసలు ఇంత హడావిడి ఎందుకు? ఆ పాఠ్యపుస్తకాల ఆఫీసులో నువ్వు కుదిరిపోయావుగా. పరీక్ష రాశావు, మాట్లాడారు, ఒకటో తారీఖున రమ్మన్నారు."

"నిన్న చెప్పింది మీరు వినలేదు."

"విన్నాను. సగం. బీరువా తాళం చేతిలో ఉంది."

"మళ్ళీ చెప్తాను, వినండి. ఉద్యోగం ఇచ్చారు. ఇన్సూరెన్సు దగ్గర ఆగింది. ఇక్కడ భార్యకీ భర్తకీ ఇద్దరికీ ఉంది. కానీ పాత ప్రెస్సు వాళ్ళ కంపెనీ నుంచి నా ఫైలు తెప్పించుకున్నారు. అందులో ఏముంది?"

"ఏముంది?"

"నేను ఆరేళ్ళుగా షుగరు రోగినని ఉంది. తొమ్మిది పాయింటు ఒకటి. తొమ్మిది పాయింటు నాలుగు. ఎనిమిది పాయింటు ఎనిమిది. ఇరవై రెండు రిపోర్టులు. ఇరవై రెండింటి మీదా నా పేరు, నా వయసు."

"నెత్తురు నాది."

"ఆ సంగతి ఫైలుకి తెలియదు."

"మరి ఏం చేసేవాళ్ళం? ప్రెస్సువాళ్ళ ఇన్సూరెన్సు నీకొక్కదానికే. మొగుడికి లేదన్నారు. తాళాల బండివాడికి ఇంకెవడు ఇస్తాడు?"

"నేను తప్పని అనడం లేదు. తప్పు కాదనీ అనడం లేదు. తెలిసే చేశాను. మొదటిసారి రక్తం తీయడానికి ఇంటికొచ్చినతను అడిగాడు, గుర్తుందా?"

"గుర్తులేకేం? ఇదేంటి సార్, ఆడవాళ్ళ పేరుందే అన్నాడు. నీకు గొట్టం నిండాలి, అంతేగా నాయనా అన్నాను. వాడికి ఇంకా పదిహేను ఇళ్ళున్నాయి. స్టిక్కరు అంటించుకుని పోయాడు."

"ఆ తర్వాత అడగనైనా లేదు. తలుపు తీస్తే చాలు, మీ చెయ్యి పట్టుకునేవాడు."

"డాక్టరు ఫోను చేసినప్పుడు మాత్రం భలే నవ్వొచ్చేది. గడ్డం గీసుకుంటే తెగిన గాటు మానడం లేదని చెప్పవే అని పక్కనుంచి నేను గోకుతున్నాను..."

"నేను సగం చెప్పేశాను కూడా. గడ్డం అనేశాక ఆయన ఆగిపోయాడు."

"గడ్డపార అన్నావు!"

"ఇంకేం అనను? తోటపని చేస్తుంటే గడ్డపార తగిలిందన్నాను. మూడో అంతస్తులో ఉంటున్నామని ఆయన దగ్గరున్న కాగితంలోనే ఉంది. అయినా నమ్మాడు. ఎందుకంటే వినలేదు. అంకె చూసి మాత్ర పెంచాడు, ఫోను పెట్టేశాడు."

"పోనీలే, ఆరేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు ఈ కొత్త ఆఫీసువాడేమంటాడు?"

"ఫైలు నిజమైతే మూడేళ్ళ వరకు షుగరు వల్ల వచ్చే దేనికీ పైసా ఇవ్వరు. నాకూ ఇవ్వరు, నాతో చేరినందుకు మీకూ ఇవ్వరు. కన్ను, కాలు, మూత్రపిండం, గుండె అని వరసగా రాశారు. మనిషిలో ఇంకేం మిగలలేదు. ఫైలు తప్పని నేను రుజువు చేస్తే మొదటి రోజు నుంచే ఇద్దరికీ ఇస్తారు."

"రుజువంటే?"

"కొత్త పరీక్ష. అంకె ఐదు పాయింటు ఏడు లోపు ఉండాలి. రేపు ఐదింటిలోపు ఆ కాగితం అక్కడ ఇన్సూరెన్సు చూసే ఆయన బల్ల మీద ఉండాలి. పాత ఫైల్లో రిపోర్టులు వేరేవాళ్ళవని ఆయనే రాసి మూసేస్తాడు."

"మరి నన్ను పరీక్ష చేయించుకోమనరా?"

"ఎందుకంటారు? మీ పేరున లోకంలో ఒక్క రిపోర్టు లేదు. కాగితాల ప్రకారం మీ అంత నిక్షేపంగా ఉన్న మనిషి ఈ వీధిలో లేడు."

"అబ్బో! ఆ మాట నా మడమకి చెప్పు, సంతోషిస్తుంది."

"మడమ కోసమే ఇదంతా. ఒకటో తారీఖున చేరతాను. రెండో తారీఖున మీ కాలు పెద్దాసుపత్రిలో చూపిస్తాం. ఇంకా తొమ్మిది రోజులు. అంతవరకు అది ఆగాలి."

"ఆగుతుంది. నొప్పి లేదుగా."

"నొప్పి లేకపోవడం మంచి వార్త అని మీకెవరు చెప్పారు?"

"సర్లే."

"నేను ఒకటి అనుకుంటున్నాను. ఎలాగూ వెళ్తున్నాం, మీది కూడా చేయిద్దాం. ఆర్నెల్లయింది చూసి."

"నాది వద్దు."

"ఎందుకు?"

"తెలిసిందేగా. తొమ్మిది. డబ్బిచ్చి ఇంకో కాగితం కొనుక్కుని తొమ్మిదని చదువుకోవాలా?"

"తొమ్మిదే ఉందని ఎలా తెలుసు?"

"అలవాటు."

"అలవాటు ఒక పరీక్ష కాదు. పోయిన నెల మాత్రల పట్ట ఒకటే తెచ్చారు. నెలకి రెండు కావాలి."

"షాపులో లేదన్నాడు."

"అంతకుముందు నెల?"

"అప్పుడూ... చూడు, ధర పెరిగింది. ఒక్క పట్టకి రెండు పట్టల డబ్బు అడుగుతున్నాడు."

"ధర పెరిగితే మాత్రలు తగ్గుతాయా?"

"సగం చేసి వేసుకుంటున్నాను. సగం వేసుకుంటే సగమైనా పనిచేస్తుంది కదా? అసలు లేనిదానికంటే నయం కదా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడో నంబరుకి ఫోను చెయ్యి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీ జీతం ఆగినప్పటి నుంచి. చాలా? ఫోను చెయ్యి."

"నాకు ముందే చెప్పి ఉండాల్సింది."

"చెప్తే నీ కళ్ళజోడు మార్పించుకునేదానివా? ఉద్యోగం వెతుక్కోడానికి కళ్ళు కావాలి. ఒక మాట చెప్పనా? కోప్పడవుగా?"

"మాట బట్టి."

"నీకు కాస్త అటూ ఇటూ వస్తే? వయసు వయసే కదా. కింద వాటాలో నర్సు పిల్లుంది. గట్టి పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. ఆ పిల్ల చెయ్యి చాపితే..."

"వద్దు."

"ఆరేళ్ళు లేని తప్పు ఇప్పుడొచ్చిందా?"

"తప్పొప్పుల మాట కాదు. అవసరం లేదు. నేను టీలో చక్కెర మానేసి ఆరేళ్ళయింది. మీకు వండిందే నేనూ తింటున్నాను. మీ పథ్యం మీకంటే నేనే బాగా చేశాను. మీరు బండి దగ్గర ఏం తింటారో నాకు తెలియదనుకోకండి."

"ఎప్పుడో ఒక బిస్కెట్టు."

"పాకెట్టు."

"సర్లే, పాకెట్టు. చెయ్యి ఫోను. టైర్ల షాపు మీద ఉందే, అది."

"హలో! గట్టిగా మాట్లాడాలి, కింద టైర్లు కొడుతున్నారు!"

"మూడు నెలల షుగరు పరీక్షకి ఎంత?"

"మూడు వందల ఎనభై అమ్మా!"

"కాగితానికి?"

"అందులోనే!"

"సంతకానికి? ముద్రకి?"

"అన్నీ అందులోనే అమ్మా! పదకొండులోపు వచ్చి రక్తమిస్తే సాయంత్రం ఫోను చేస్తాను, ఐదున్నరకి కాగితం!"

"ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు? మీ మిషను పాతదా?"

"మాకు మిషనే లేదమ్మా!"

"మరి?"

"ఇక్కడ తీసి, ఐసు పెట్టెలో పెట్టి పంపిస్తాం. మెయిన్ రోడ్డు మీద అద్దాల ల్యాబు ఉంది, చూశారా? అక్కడికి. రిపోర్టు వాళ్ళ కాగితం మీదే వస్తుంది. ఎక్కడ చూపించినా చెల్లుతుంది."

"ఒక్క నిమిషం. ఆ అద్దాల తలుపు తోసుకుని వెళితే తొమ్మిది వందలు. మీ మెట్లు ఎక్కితే మూడు వందల ఎనభై. మిషను ఒకటే."

"ఒకటేనమ్మా. సాయంత్రం పూట అక్కడ ఆ మిషను దగ్గర కూర్చునేవాణ్ణి కూడా నేనే."

"మరి మిగతా ఐదు వందల ఇరవై దేనికి?"

"అక్కడ సోఫా ఉంటుందమ్మా. చేపల తొట్టి కూడా."

"మీకు ఎన్ని మెట్లు?"

"ఇరవై ఎనిమిది."

"వస్తున్నాం."

"విన్నావా? చేపలట!"

"ఆ చేపలకి ఇన్సూరెన్సు ఉండే ఉంటుంది. చెప్పులు వేసుకోండి. వేసుకున్నాక కిందికి ఒకసారి చూసుకోండి. మొన్న కుడిదొక్కటే వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళారు."

టైర్ల దుకాణం పైన, రక్తం తీసే గది. పదిన్నర.

"కూర్చోండమ్మా. ఫోను చేసింది మీరేనా? లెక్కలడిగినావిడ?"

"నేనే."

"అద్దాల ల్యాబు సంగతి నేను చెప్పానని అక్కడ అనకండి. నా సాయంత్రం ఉద్యోగం పోతుంది. తోడెవరూ రాలేదా?"

"మావారు కింద ఉన్నారు. మా మూడో అంతస్తుకి లిఫ్టుంది, మీకు లేదు. ఆయన కాలికి మెట్లు తెలియవు."

"తెలియవంటే?"

"పాదం మెట్టు మీద ఆనిందో లేదో తెలియదు. కొంచెం నీళ్ళు ఇప్పిస్తారా?"

"అదిగో, ఆ మూల. పేరు చెప్పండి, స్టిక్కరు రాస్తాను."

"ఈ కార్డులో ఉంది. చూసి రాయండి. దీర్ఘం వదిలేయకండి, చివర సున్నా ఉంది."

"మీరు టీచరా?"

"ప్రూఫులు దిద్దేదాన్ని. వయసు కూడా కార్డులోనే ఉంది. యాభై నాలుగు. స్త్రీ అన్నచోట గుర్తు పెట్టండి."

"అది చూస్తే తెలుస్తోందిగా అమ్మా."

"చూసి రాసినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు."

"అయ్యో, ఇంకో గ్లాసు కావాలా? తాగండి, తాగండి."

"ఇరవై ఎనిమిది మెట్లన్నారు కదా. ఎండ కూడా ఉంది."

"చెయ్యి చాపండి. షుగరు ఉందా?"

"లేదు."

"ఇంట్లో?"

"ఆయనకి ఉంది."

"మీరు ఇంతకుముందు ఈ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?"

"నా పేరున ఇరవై రెండు రిపోర్టులు ఉన్నాయి."

"మరి షుగరు లేదంటున్నారు?"

"అవి నావి కావు."

"అర్థం కాలేదమ్మా."

"అర్థం కానక్కర్లేదు. పొరపాటున వేరేవాళ్ళవి నా పేరున ఎక్కాయి. దాన్ని సరిచేయడానికే ఈ కాగితం."

"అలాగా. అయితే మీ రక్తం అసలు ఎప్పుడూ చూడలేదా?"

"ఎవరూ అడగలేదు."

"పిడికిలి బిగించండి. నరం బాగానే ఉంది. కావాలంటే వేలు గుచ్చి ఇప్పుడే చూపించేస్తాను, అర నిమిషం. యాభై ఇస్తే చాలు."

"అడిగింది ఒక్కటే. అదే చేయండి."

"మీ ఇష్టం. ఇది ఊదా మూత గొట్టం, దీనికి పరగడుపు అవసరం లేదు. చిన్న చీమ కుట్టినట్టు ఉంటుంది... అయిపోయింది."

"అయిపోయిందా?"

"అదేంటమ్మా, సూది తెలియలేదా?"

"మీ చెయ్యి తేలిక. గొట్టం ఒకసారి ఇటివ్వండి."

"ఎందుకు?"

"స్టిక్కరు చదవాలి... అక్షరాలు చాలా చిన్నవి. మీరే పైకి చదవండి."

"పేరు, దీర్ఘం, సున్నా. యాభై నాలుగు. స్త్రీ. సరేనా?"

"సరే. ఇప్పుడు పంపించండి."

కాలిబాట మీద తాళాల బండి. సాయంత్రం నాలుగున్నర.

"నిలబడ్డావెందుకు? ఆ పెట్టె మీద కూర్చో. ఏంటి, ఇంకా ఫోను రాలేదా?"

"రాలేదు. మీరు పని చూసుకోండి."

"పనేముంది? ఈ తమ్ముడి స్కూటరు తాళంచెవి ఒకటి."

"అన్నా, అరగంట నుంచి రుద్దుతున్నారు. ఇంతకుముందు ఐదు నిమిషాల్లో ఇచ్చేవారు."

"గట్టి చెవి కావాలంటే టైమ్ పడుతుంది తమ్ముడూ."

"వేలు తెగింది చూసుకోండన్నా. రక్తం కారుతోంది."

"ఎక్కడ? ఓ. నాకు తెలియనేలేదు."

"ఇలా ఇవ్వండి చెయ్యి. రుమాలు చుడతాను. ఆకురాయి కింద పెట్టండి ముందు."

"చిన్నదే. నీకు తెలుసా, ఇందాక నుంచి ఒకటే ఆలోచన. రెండో తారీఖున పెద్దాసుపత్రికి వెళితే, వాళ్ళు నా పేరు అడుగుతారు కదా?"

"అడుగుతారు."

"ఆరేళ్ళలో మొదటిసారి నా పేరు చెప్తాను. కొంచెం కొత్తగా ఉంటుంది. డాక్టరు నాతోనే మాట్లాడతాడు. గడ్డం అంటే గడ్డమే."

"ఎన్నాళ్ళుగా ఉంది అని అడుగుతారు. పోయిన వారమే తెలిసిందని చెప్పాలి. ఆరేళ్ళని నోరు జారారో, అక్కడితో సరి."

"జారను. పోయిన వారమే. కాలు చూపించి, ఇదేంటి డాక్టరుగారూ ఇలా అయింది అని ఆశ్చర్యపోతాను. నాకు నటన వచ్చు."

"రాదు. మాట్లాడకుండా ఉంటే చాలు."

"మాత్రలు కూడా పూర్తి పట్ట ఇస్తారంటావా?"

"మూడు నెలలవి ఒకేసారి ఇస్తారు. వాళ్ళ షాపులోనే. నియమాల కాగితం తొమ్మిదో పేజీలో ఉంది, నిన్న మీ చేతే చదివించుకున్నాను."

"అయితే ఈ వేళ్ళు కూడా దారికొస్తాయేమో."

"వేళ్ళ సంగతి ఆ కాగితంలో లేదు."

"అన్నా, నా చెవి?"

"ఇదిగో తమ్ముడూ. పెట్టి తిప్పి చూడు. తిరగకపోతే మళ్ళీ రా."

"తిరగకపోతే ఇంటికెలా వెళ్తానన్నా?"

"నడిచి. ఒంటికి మంచిది."

"ఫోను మోగుతోంది."

"ఎత్తు, ఎత్తు. స్పీకరు పెట్టు."

"హలో, అమ్మా. టైర్ల షాపు పైనుంచి. ఇప్పుడు అద్దాల ల్యాబులోనే ఉన్నాను. మాట్లాడచ్చా? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మావారున్నారు. చెప్పండి."

"పొద్దున మీకు షుగరు లేదన్నారు కదమ్మా. అందుకని ఒకసారి చూసి వదిలేయలేదు. గొట్టం మారిందేమోనని స్టిక్కరు నేనే చూశాను. నా చేతిరాతే. దీర్ఘం, సున్నా, అన్నీ ఉన్నాయి. రెండోసారి వేశాను."

"ఎంత వచ్చింది?"

"రెండుసార్లూ ఒకటే అమ్మా. పదకొండు పాయింటు నాలుగు."

"పదకొండు పాయింటు నాలుగు."

"అవునమ్మా. కాగితం ఐదున్నరకి మా దగ్గర ఉంటుంది. కానీ ముందు ఎవరైనా డాక్టరుకి చూపించండి, ఆలస్యం చేయకండి. అమ్మా? వినబడుతోందా?"

"వినబడింది. మీరు రెండోసారి వేశారు. మంచి పని చేశారు. ఉంటాను."

"పదకొండా! వామ్మో. ఆరేళ్ళలో ఎప్పుడూ పది దాటలేదే!"

"దాటలేదు."

"అదీ సంగతి. మాత్ర సగం చేశాను కదా, అందుకే. నువ్వు పొద్దున అడిగినప్పుడే అనుకున్నాను. నాదే తప్పు, ఒప్పుకుంటున్నాను. బిస్కెట్లు కూడా. పాకెట్టు అన్నావుగా, నిజమే, పాకెట్టే. అలా చూడకు. రేపటి నుంచి మాత్ర పూర్తిగా వేసుకుంటాను. రాత్రి తిండి సగానికి సగం తగ్గించేస్తాను. పొద్దున్నే నడుస్తాను, కాలు ఎలా ఉంటే అలా. మూణ్ణెల్లలో దించేస్తాను చూడు, మునుపు ఎన్నిసార్లు దించలేదు? ఏంటి? తల అడ్డంగా ఊపుతావేం?"

"మీరు తగ్గిస్తే నాకు తగ్గదండీ."